పాత బెంజి కారు ఎవరెవరి చేతులు మారిందో కాగితాలతో తేల్చుకోవడం ఎలా?

నలభై ఏళ్ళ నాటి బెంజి కారొకటి అమ్మకానికి వచ్చిందని, అమ్మేవారు సింగిల్ ఓనర్ బండి అంటున్నారని, ఆ మాట నిజమో కాదో తెలుసుకునే దారేమిటని అడిగేవారు ఎక్కువయ్యారు. విడివిడిగా జవాబులు రాసేకంటే పద్ధతి మొత్తాన్ని ఒకచోట పెట్టడం మేలనిపించి ఇది రాస్తున్నాను. ఉదాహరణగా మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించే రెండు నమూనాలను తీసుకున్నాను. ఒకటి 1976 నుంచి దాదాపు పదేళ్ళ పాటు జర్మనీలో తయారైన డబ్ల్యు 123. రెండవది దాని తరువాత వచ్చిన డబ్ల్యు 124. 1995లో టెల్కో (నేటి టాటా మోటార్స్) భాగస్వామ్యంతో పుణేలో మన దేశంలోనే కూర్పు మొదలైన బెంజి ఇదే. జాగ్వార్, రోల్స్ రాయిస్, పాత బీఎండబ్ల్యు కార్లకైనా నంబర్లు ముద్రించే చోటు మారుతుంది కానీ పద్ధతి మారదు.

ఒక నియమాన్ని ముందే చెబుతాను. చరిత్రను నేటి యజమాని దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టుగా వెనక్కి వెళ్ళాలే తప్ప, ‘మొదట ఫలానా రాజావారిది’ అన్న కథతో మొదలుపెట్టి ముందుకు రాకూడదు. కథతో మొదలుపెట్టినవారు దానికి సరిపోయే కాగితాలనే వెదుకుతారు, సరిపోనివి కంటి ముందున్నా వారికి కనిపించవు.

ముందుగా సమకూర్చుకోవలసినవి

సి బుక్కు (ఆర్‌సీ, అంటే వాహన రిజిస్ట్రేషను పత్రం) అసలు ప్రతి, దానికి రెండు వైపులా తీసిన ఫోటోలు కావాలి. ప్రస్తుత బీమా పాలసీ, దొరికితే పాత పాలసీలు, పన్ను రసీదులు, సర్వీసు పుస్తకం కూడా కావాలి. వీటన్నిటికంటే విలువైనది నేటి యజమాని సంతకంతో ఒక అధికార పత్రం: ‘నా వాహనానికి సంబంధించిన రిజిస్టరు నకలును ఫలానా వారికి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు’ అని రాసి, గుర్తింపు కార్డు నకలు జతచేసినది. ఈ ఒక్క కాగితం లేక నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగినవారు ఉన్నారు. అమ్మేవారు దీనిపై సంతకం చేయడానికి వెనకాడితే, మీ పరిశోధన సగం పూర్తయినట్టే అనుకోవచ్చు.

పనిముట్లుగా టార్చిలైటు, మెత్తని పెన్సిల్, పలుచని తెల్లకాగితం, గుడ్డ ముక్క, కొంచెం కిరసనాయిలు చాలు. సమయం మాత్రం కనీసం నెలన్నర పెట్టుకోండి. వారం రోజుల్లో తేల్చుకోవాలని ఒత్తిడి చేసే అమ్మకాన్ని వదులుకోవడమే మంచిది.

1. కారు మీద ఉన్న నంబర్లను మీ చేతులతో మీరే తీసుకోండి

సి బుక్కులో రాసిన నంబరును చూసి కాదు, లోహం మీద కొట్టిన నంబరును చూసి మొదలుపెట్టాలి. డబ్ల్యు 123, డబ్ల్యు 124 కార్లలో బానెట్ ఎత్తితే ఇంజను గదికి, కూర్చునే భాగానికి మధ్యనున్న లోహపు గోడ పైభాగంలో ఛాసిస్ నంబరు కనిపిస్తుంది. దశాబ్దాల మడ్డి పేరుకొని ఉంటుంది కనుక కిరసనాయిలుతో తుడిచి, కాగితం అదిమిపెట్టి, పెన్సిల్ వాల్చి రుద్ది అచ్చు తీసుకోండి. ముందు భాగంలో రేడియేటరు పైనున్న పట్టీకి బిగించిన లోహపు పలకల మీద అదే నంబరుతో పాటు రంగు కోడ్ కూడా ఉంటుంది. మూడవది ఇంజను నంబరు. ఇది ఇంజను దిమ్మ మీదే కొట్టి ఉంటుంది.

హెచ్చరిక: పలకను స్క్రూలతోనో రివెట్లతోనో బిగిస్తారు కనుక దాన్ని ఒక కారు నుంచి విప్పి మరో కారుకు బిగించవచ్చు. గోడ మీద కొట్టిన నంబరును అలా మార్చాలంటే లోహాన్ని కోసి అతకవలసి వస్తుంది. అందువల్ల ఆ నంబరు చుట్టూ వేలితో తడిమి చూడండి. అతుకు గీత, రుద్దిన గరుకుదనం, చుట్టుపక్కల లేని కొత్త రంగు, ఒక్కొక్క అంకె ఒక్కొక్క లోతులో ఉండటం, వీటిలో ఏది కనిపించినా అక్కడితో ఆగిపోండి. అటువంటి కారుకు ఎంత చక్కని కాగితాలున్నా అవి ఆ కారువి కాకపోవచ్చు.

2. ఆ నంబర్లు చెప్పే మాట వినండి

బెంజి ఛాసిస్ నంబరులో మొదటి మూడంకెలు బాడీ వరుసను, తరువాతి మూడు నమూనాను చెబుతాయి. 123 123 అంటే 240 డి, 123 130 అంటే 300 డి, 123 223 అంటే 230 ఈ. 1980ల కార్లలో వీటికి ముందు తయారీదారును సూచించే డబ్ల్యుడీబీ అన్న అక్షరాలు ఉంటాయి. నమూనా తరువాతి అంకె 1 అయితే కారు ఎడమ స్టీరింగుతో, 2 అయితే కుడి స్టీరింగుతో ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిందని అర్థం.

ఈ ఒక్క అంకె చాలా కథలను తేల్చేస్తుంది. ‘మా తాతగారు మన దేశంలోనే కొత్తగా కొన్నారు’ అంటున్న కారుకు కుడి స్టీరింగు ఉండి, నంబరులో మాత్రం 1 ఉంటే, అది ఎడమ స్టీరింగు నడిచే దేశానికో దౌత్య కార్యాలయానికో తయారై, ఆ తరువాత ఇక్కడి షెడ్డులో స్టీరింగు మార్చుకున్నదన్నమాట. అది తప్పు పని కాదు. అయితే తాతగారికి ముందు ఇంకొకరు ఉన్నారన్నది మాత్రం ఖాయం.

ఇంజను నంబరు కూడా ఇలాగే మొదలవుతుంది. 240 డి కారుకు 616తో, ఐదు సిలిండర్ల 300 డి కారుకు 617తో, 230 ఈ కారుకు 102తో మొదలు కావాలి. మన దేశంలో ఇక్కడొక చిక్కుంది. ఆ 616 ఇంజనును బజాజ్ టెంపో సంస్థ లైసెన్సు మీద ఇక్కడే తయారుచేసి ట్రాక్స్, ట్రావెలర్ బండ్లలో వాడింది. అందువల్ల అసలు ఇంజను అరిగిపోయిన బెంజిలో ట్రావెలర్ ఇంజను దిగి ఉండటం వింతేమీ కాదు. పెట్రోలు ఖర్చు భరించలేక 230 ఈ కారులో డీజిల్ ఇంజను దించినవారూ ఉన్నారు. ఇంజను మార్చడం నేరం కాదు, దాన్ని సి బుక్కులో ఎక్కించకపోవడమే తప్పు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం అటువంటి మార్పుకు రిజిస్టరింగ్ అధికారి అనుమతి ఉండాలి.

పలక మీది రంగు కోడ్ చూడటం మరచిపోకండి. 040 నలుపు, 737 తెలుపు, 904 ముదురు నీలం, 623 లేత దంతపు రంగు. సి బుక్కులో ‘తెలుపు’ అని ఉండి కోడ్ 904 అయితే, రంగు ఎప్పుడు మారిందో, ఎవరి చేతిలో ఉండగా మారిందో కూడా మీరు వెదకవలసిన జాబితాలో చేరుతుంది.

ప్రత్యామ్నాయం: కారుతో పాటు ఫ్యాక్టరీ ఇచ్చిన డేటా కార్డు యజమాని పుస్తకాల సంచిలో ఉందేమో చూడండి. ఛాసిస్, ఇంజను, గేర్‌బాక్సు నంబర్లు, రంగు, సీటు బట్ట, అదనపు అమరికల కోడ్‌లన్నీ అందులో ఉంటాయి. పోయి ఉంటే, యాజమాన్య పత్రం చూపి అధీకృత విక్రయ సంస్థ ద్వారా గానీ, స్టుట్‌గార్ట్‌లోని సంస్థ క్లాసిక్ విభాగం ద్వారా గానీ ఆ వివరాలు కోరవచ్చు. ఈ కార్డు కారు ఎలా పుట్టిందో చెబుతుందే గానీ ఎవరి ఇంట పెరిగిందో చెప్పదు.

3. సి బుక్కును నిదానంగా చదవండి

పుస్తక రూపంలో ఉన్న పాత సి బుక్కు దొరికితే మీ అదృష్టం. బదిలీల పేజీల్లో ఒక్కొక్క యజమాని పేరు, తేదీ, కార్యాలయ ముద్ర వరుసగా ఉంటాయి. స్మార్టు కార్డుకు మారినప్పుడు ఆ వరుస అంతా మాయమై, చివరి పేరు మాత్రం మిగిలింది. అందుకే కార్డు వచ్చాక పాత పుస్తకాన్ని ఏం చేశారని అమ్మేవారిని అడగండి. చాలా ఇళ్ళలో అది బీరువా అడుగున ఎక్కడో పడి ఉంటుంది.

కార్డు మీద మూడు విషయాలు చూడాలి. మొదటిది తయారీ సంవత్సరానికి, మొదటి రిజిస్ట్రేషను తేదీకి మధ్యనున్న దూరం. 1981లో తయారై 1986లో ఇక్కడ రిజిస్టరయితే, ఆ ఐదేళ్ళు కారు ఎక్కడుందో మీరు తేల్చాలి. రెండవది ‘డూప్లికేట్’ అన్న గుర్తు. ఫారం 26 మీద మరో ప్రతి తీసుకున్నారంటే అసలు ప్రతి నిజంగా పోయి ఉండవచ్చు, లేదా అప్పిచ్చినవారి దగ్గరో ఇంతకుముందు కొన్నవారి దగ్గరో ఉండిపోయి ఉండవచ్చు. మూడవది హైపోథికేషన్, అంటే కారు మీద అప్పిచ్చిన సంస్థ పేరు నమోదు. అప్పు తీరినా ఫారం 35 ఇచ్చి ఆ పేరు తీయించుకోనివారు ఎందరో ఉన్నారు. ఆ ఫైనాన్సు సంస్థ తరువాతి రోజుల్లో మూతపడితే కొత్త యజమానికి అదొక తలనొప్పి.

రిజిస్ట్రేషను నంబరు కూడా ఒక సాక్షే. మూడక్షరాల తరువాత అంకెలు వచ్చే పాత నంబరు ఉంటే, కారు 1988 చట్టం అమలులోకి వచ్చిన 1989 జూలై 1 ప్రాంతానికి ముందే రిజిస్టరయిందని అర్థం. ఏపీ 9 అంటే ఉమ్మడి రాష్ట్రంలో ఖైరతాబాదు, ఏపీ 10 సికింద్రాబాదు, ఏపీ 16 కృష్ణా జిల్లా, ఏపీ 31 విశాఖపట్నం. టీఎస్ నంబరు 2014 జూన్‌ తరువాతది, టీజీ 2024 మార్చి తరువాతది, ఏపీ 39 వరుస 2019లో మొదలైనది. కనుక 1984 నాటి కారుకు టీఎస్ 09 నంబరు కనిపిస్తే, అది వేరే రాష్ట్రం నుంచి తరలి వచ్చిందో, మరే కారణంతో నంబరు మారిందో తేలేవరకు వదలకండి. వెనుక ఇంకొక నంబరు, ఇంకొక కార్యాలయం, ఇంకొక రిజిస్టరు తప్పక ఉంటాయి.

4. ఇంట్లో కూర్చుని చూడగలిగినవి

కేంద్ర రవాణా శాఖ పరివాహన్ సైటులో గానీ ఎం పరివాహన్ యాప్‌లో గానీ నంబరు కొడితే తరగతి, ఇంధనం, మొదటి రిజిస్ట్రేషను తేదీ, ఫిట్‌నెస్ గడువు, బీమా, హైపోథికేషన్ వివరాలు కనిపిస్తాయి. యజమాని పేరు కొన్ని అక్షరాలు కప్పి చూపుతారు. తెలంగాణ రవాణా శాఖ చాలా ఏళ్ళు సొంత వ్యవస్థనే నడిపింది కనుక, ఇక్కడి పాత బండ్ల వివరాలు జాతీయ సైటులో కనిపించకపోతే కంగారుపడకుండా రాష్ట్ర శాఖ సైటులోనూ, ఆర్‌టీఏ ఎం వాలెట్ యాప్‌లోనూ చూడండి.

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. తెరమీద ‘ఓనర్ సీరియల్ 1’ అని కనిపించగానే సింగిల్ ఓనర్ బండి అని నిర్ధారించుకుంటారు. పాత రిజిస్టర్లను కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు ఆనాటి యజమాని పేరునే మొదటిదిగా నమోదు చేసి ఉండవచ్చు, వేరే రాష్ట్రం నుంచి వచ్చి కొత్త నంబరు తీసుకున్నప్పుడు లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలై ఉండవచ్చు. ఆ అంకెను ‘కనీసం ఇంతమంది’ అని చదువుకోవాలి.

దొంగసొత్తు కాదని చూసుకోవడానికి జాతీయ నేర నమోదు సంస్థ పౌర సేవల్లో వాహన నిరభ్యంతర పత్రం తీసుకునే సౌకర్యం ఉంది. రిజిస్ట్రేషను, ఛాసిస్, ఇంజను నంబర్లు ఇచ్చి, పోలీసు రికార్డుల్లో ఆ వాహనం ఉందో లేదో చూసుకోవచ్చు. ఛాసిస్ నంబరును ఒకసారి ముందు అక్షరాలతోనూ, ఒకసారి అవి లేకుండానూ ఇచ్చి చూడండి, ఎందుకంటే పాత ఫిర్యాదుల్లో నంబరును ఎలా రాశారో చెప్పలేం.

5. రవాణా కార్యాలయం నుంచి బి రిజిస్టరు నకలు తీసుకోండి

మొత్తం పనికి వెన్నెముక ఇదే. ప్రతి వాహనానికి రిజిస్టరింగ్ అధికారి దగ్గర ఒక రిజిస్టరు నమోదు ఉంటుంది. ప్రమాద నష్టపరిహారం కేసుల్లో న్యాయవాదులు దాఖలు చేసే ‘బి రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్’ అంటే దాని ధృవీకృత నకలే. అందులో మొదటి యజమాని నుంచి బదిలీలు, చిరునామా మార్పులు, హైపోథికేషన్ నమోదులు, రద్దులు కనిపిస్తాయి.

యజమాని అధికార పత్రంతో, నిర్ణీత రుసుముతో కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి. దరఖాస్తులో ‘ప్రస్తుత వివరాలు’ అని రాయకండి, అలా రాస్తే ప్రస్తుత పేరే ఇచ్చి పంపుతారు. ‘మొదటి రిజిస్ట్రేషను నుంచి నేటి వరకు జరిగిన అన్ని బదిలీలు, నిరభ్యంతర పత్రాలు, హైపోథికేషన్ నమోదులు, మార్పుల వివరాలతో’ అని స్పష్టంగా రాయండి.

కారు వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఉంటే ఇక్కడి రిజిస్టరు సగం కథే చెబుతుంది. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచే బండికి అక్కడి నంబరు తీసుకోవాలని చట్టం 47వ సెక్షను చెబుతుంది. అందుకు ముందు పాత కార్యాలయం ఫారం 28లో నిరభ్యంతర పత్రం ఇస్తుంది. ఆ పత్రం సంఖ్య, తేదీ ఇక్కడి ఫైలులో ఉంటాయి. అవి రాసుకుని పాత కార్యాలయానికి ఇదే దరఖాస్తు పంపండి. ముందుగా ఫోనులో, ఆ నంబరు వరుస ఫైళ్ళు ఇప్పుడు ఏ కార్యాలయంలో ఉన్నాయని అడగండి. తెలంగాణలో 2016లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోనూ జిల్లాలు విడిపోయాయి కనుక రిజిస్టరు ఉన్న ఊరు, నంబరు చెప్పే ఊరు ఒకటే కావాలని లేదు.

ప్రత్యామ్నాయం: దరఖాస్తుకు జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అయితే పాత యజమానుల పేర్లు వ్యక్తిగత సమాచారమని 8(1)(జె) కింద నిరాకరించే వీలుంది. అందువల్ల పేర్లు అడగకుండా, ఎన్ని బదిలీలు జరిగాయి, ఏ తేదీల్లో జరిగాయి, ప్రతి బదిలీ ఏ ఫారం మీద జరిగింది అన్న మూడు ప్రశ్నలే వేయండి. ఈ మూడింటికి జవాబు వస్తే సింగిల్ ఓనర్ మాట నిలుస్తుందో లేదో తేలిపోతుంది. రికార్డు దొరకలేదంటే ఆ మాటనే రాతపూర్వకంగా ఇవ్వమని కోరండి. ఆ కాగితానికీ మీ ఫైలులో చోటుంది.

6. ఒక్కొక్క బదిలీని ఒక్కొక్క కాగితంతో ముడివేయండి

ఒక పెద్ద కాగితం మీద, నేటి యజమాని పేరు అట్టడుగున వచ్చేలా, నిలువు వరుస గీసుకోండి. ప్రతి మెట్టు దగ్గర అమ్మినవారు, కొన్నవారు, తేదీ, నంబరు, ఇంజను నంబరు, రంగు, ఆధారమైన కాగితం రాయండి. ఫారం నంబరును బట్టి బదిలీ స్వభావం తెలుస్తుంది. ఫారాలు 29, 30 అంటే మామూలు అమ్మకం, 31 అంటే యజమాని మరణించాక వారసులకు వచ్చింది, 32 అంటే వేలంలో కొన్నది, 36 అంటే బాకీ కింద ఫైనాన్సు సంస్థ స్వాధీనం చేసుకుని తన పేరున రాయించుకున్నది.

ఊహించిన ఉదాహరణ ఒకటి చెబుతాను. రిజిస్టరులో 1986లో ఢిల్లీలో మొదటి పేరు, 1991లో ఫారం 28 మీద హైదరాబాదుకు రాక, అదే ఏడాది ఒక ప్రైవేటు కంపెనీ పేరు, 2004లో ఒక వ్యక్తి పేరు ఉన్నాయనుకుందాం. అమ్మేవారు మాత్రం ‘మా మామయ్య 1998లో కొన్నారు, అప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంది’ అంటున్నారు. ఇద్దరిదీ నిజమే కావచ్చు. 1998లో మామయ్య డబ్బిచ్చి, కంపెనీ సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు తీసుకుని, ఆరేళ్ళ తరువాత తన పేరున ఎక్కించుకుని ఉంటారు. మన ప్రాంతంలో ఇలా ఖాళీ ఫారాల మీద చేతులు మారిన ఖరీదైన కార్లు కోకొల్లలు. ఆ ఆరేళ్ళలో మధ్యలో ఇంకెవరి చేతిలోనైనా ఉందా అన్నది రిజిస్టరు చెప్పదు. కింద 8వ భాగంలో చెప్పిన సాక్షులే చెప్పాలి.

కంపెనీ పేరు కనిపించిన ప్రతిచోటా కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ సైటులో ఆ పేరు కొట్టి చూడండి. కంపెనీ ఆ తేదీకి ఉనికిలో ఉందా, తరువాత పేరు మారిందా, రద్దయిందా అన్నది తెలుస్తుంది. నేటి యజమానే రద్దయిన కంపెనీ అయితే, మీకు సంతకం చేసి ఇచ్చే అధికారం ఎవరికుందో న్యాయవాదిని అడగకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.

ఢిల్లీ నంబరుతో వచ్చే పాత బెంజిలకు ప్రత్యేక హెచ్చరిక ఉంది. పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లను దేశ రాజధాని ప్రాంతంలో నడపరాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పిన తరువాత అక్కడి ఖరీదైన కార్లు తక్కువ ధరకు దక్షిణాదికి వస్తున్నాయి. నిరభ్యంతర పత్రం తీసుకున్నాక వచ్చినవి సరే. రిజిస్ట్రేషను రద్దయ్యాక వచ్చినవాటికి ఇక్కడ నంబరు తెచ్చుకోవడం ఎంత కష్టమో కొన్నవారిని అడిగితే తెలుస్తుంది. రవాణా శాఖ రికార్డులో ఆ నంబరు స్థితి ‘యాక్టివ్’ అని ఉందో లేదో చూసిన తరువాతే మిగతా మాటలు మాట్లాడండి.

7. విదేశం నుంచి వచ్చిన కారైతే

1995కు ముందు తయారైన బెంజి దాదాపుగా దిగుమతి అయినదే. అటువంటి కారుకు మొదటి కాగితం సి బుక్కు కాదు, కస్టమ్స్ వారి బిల్ ఆఫ్ ఎంట్రీ. ఎవరి పేరున, ఏ రేవులో, ఏ తేదీన దిగిందో, సుంకం ఎంత కట్టారో అందులో ఉంటుంది. మొదటి రిజిస్ట్రేషను దరఖాస్తుకు దాని నకలు జతచేసి ఉంటారు కనుక, యజమాని దగ్గర లేకపోయినా మొదటి కార్యాలయం ఫైలులో దొరకవచ్చు.

ఆ రోజుల్లో కార్లు వచ్చిన దారులు ప్రధానంగా రెండు. విదేశాల్లో పనిచేసి తిరిగి వచ్చినవారు నివాస మార్పు నిబంధన కింద తెచ్చుకున్నవి మొదటివి. గల్ఫు నుంచి వచ్చిన మనవారి కార్లలో ఎడమ స్టీరింగువి కూడా ఉండేవి. దౌత్య కార్యాలయాలు వాడి వదిలేసినవి రెండవవి. వీటిని స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్మేవారు. అటువంటి కారుకు ముందు సీడీ అక్షరాలున్న నంబరు ఉండి ఉంటుంది. మొదటి ప్రైవేటు యజమాని పేరు పక్కన ఆ సంస్థ అమ్మకపు పత్రం ప్రస్తావన ఉందేమో చూడండి.

కారు పాతది కదా, సుంకం సంగతి ఇప్పుడెవరు అడుగుతారని అనుకోకండి. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ అధికారులు ‘ఆపరేషన్ నుమ్‌ఖోర్’ పేరుతో సోదాలు జరిపి, భూటాన్ మీదుగా అక్రమంగా తెచ్చి నకిలీ పత్రాలతో ఇతర రాష్ట్రాల్లో రిజిస్టరు చేయించారన్న ఆరోపణపై ఖరీదైన కార్లను స్వాధీనం చేసుకున్నారు. అప్పుడు కార్లు పోయింది కడపటి యజమానుల చేతుల్లోంచే. మొదటి రిజిస్ట్రేషను కారుకు, యజమానికి ఏ సంబంధమూ లేని దూరపు రాష్ట్రంలో జరిగి, బిల్ ఆఫ్ ఎంట్రీ లేకపోతే వెనక్కి తగ్గండి.

బ్రిటన్ నుంచి వచ్చిన కారుకు అక్కడి నంబరు తెలిస్తే, తగిన కారణం చూపి అక్కడి వాహన నమోదు సంస్థ డీవీఎల్‌ఏకు వీ 888 ఫారం మీద పూర్వ యజమానుల వివరాలు కోరవచ్చు. అమెరికా నుంచి వచ్చినదైతే అక్కడి వాహన చరిత్ర సేవలు 1981 తరువాతి పదిహేడు అంకెల నంబర్లకే పనికివస్తాయి.

8. ప్రభుత్వ రికార్డు బయటి సాక్షులు

హైదరాబాదులోనే ఉన్న బీమా సమాచార సంస్థ, ఐఐబీ, తన వీ సేవ పేజీలో వాహన నంబరు మీద పాలసీ వివరాలు చూపుతుంది. ఆ సంస్థ ఏర్పడిందే 2009లో కనుక అంతకు ముందటి కాలానికి పాత పాలసీ కాగితాలే గతి. పాత పాలసీలో యజమాని చిరునామా, ఫైనాన్సు సంస్థ పేరు, ఆ నాటి విలువ ఉంటాయి.

ట్రాఫిక్ చలానా సైటులో నంబరు కొట్టి, ఫోటో కనిపిస్తే దాన్ని భద్రపరచుకోండి. ఫలానా తేదీన కారు ఏ ఊళ్ళో ఉందో, ఏ రంగులో ఉందో అది చెబుతుంది. కోర్టు తీర్పులను పదాలతో వెదికే సైట్లలో రిజిస్ట్రేషను నంబరును ఖాళీలతోనూ, ఖాళీలు లేకుండానూ కొట్టి చూడండి. ప్రమాద కేసులో యజమాని పేరుతో సహా బయటపడిన సందర్భాలున్నాయి.

సర్వీసు పుస్తకంలోని ముద్రలు, పాత బిల్లులు చూసి ఆ షెడ్డుకు స్వయంగా వెళ్ళండి. ముప్పై ఏళ్ళుగా బెంజిలు చూస్తున్న పెద్ద మెకానిక్ బానెట్ ఎత్తగానే ‘ఈ బండి బంజారా హిల్స్ డాక్టరుగారిది కదా’ అనడం నేను విన్నాను. ఆ మాటను కాగితం మీద మరో సిరా రంగుతో రాసుకోండి, అది ఆనవాలే గానీ రుజువు కాదు.

9. పూర్వ యజమానులను అడిగేటప్పుడు

పేరు, చిరునామా దొరికితే ముందు ఉత్తరం రాయండి, నేరుగా ఇంటి మీదికి వెళ్ళకండి. ‘అయ్యా, తమరు ఒకప్పుడు వాడిన కారు చరిత్ర తెలుసుకోవాలనుకుంటున్నాను’ అని మొదలుపెట్టి, నంబరు, మీ ఫోను నంబరు ఇచ్చి ఊరుకోండి. జవాబు వస్తే, ఎవరి దగ్గర కొన్నారు, ఎవరికి అమ్మారు, అప్పుడు రంగేమిటి అని మూడే ప్రశ్నలు అడగండి. ‘సింగిల్ ఓనరేనా’ అని మీరే జవాబు అందించకండి. పాత ఫోటో ఉందా అని అడగడం మరవకండి. పెళ్ళి ఊరేగింపు ఆల్బముల్లో ఇటువంటి కార్లు చక్కగా దొరుకుతాయి, నంబరు పలకతో సహా.

వారు మరణించి ఉంటే, కారు వారసుల పేరున మారకుండానే అమ్ముడయిందేమో చూడాలి. యజమాని మరణాన్ని ముప్పై రోజుల్లో తెలిపి, మూడు నెలల్లో బదిలీకి దరఖాస్తు చేసుకోవాలన్నది నిబంధన. మరణ తేదీ తరువాతి తేదీతో ఆయన సంతకం ఉన్న ఫారం 29 కనిపిస్తే, ఆ మెట్టు విరిగినట్టే.

ఫలితాన్ని సరిచూసుకోవడం

గీసిన వరుసను ఒక రోజు పక్కన పెట్టి, మళ్ళీ పై నుంచి కిందికి చదవండి. ఒక మెట్టులో కొన్నవారే తరువాతి మెట్టులో అమ్మినవారు కావాలి. ఇంటిపేరు, పొడి అక్షరాలు తేడాగా ఉంటే ఒకే మనిషా, తండ్రీకొడుకులా అన్నది చిరునామాతో తేల్చండి. మన పేర్లలో తాత పేరు మనవడికి పెట్టడం వల్ల ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది. ఛాసిస్ నంబరు ప్రతి కాగితంలోనూ మీ పెన్సిల్ అచ్చుతో అంకె అంకెకూ సరిపోవాలి. 3కు బదులు 8, 1కి బదులు 7 పడితే అది చేతిరాత పొరపాటు కావచ్చు. నాలుగంకెలు తేడా ఉంటే అది వేరే కారు.

ప్రతి మెట్టుకు కనీసం ఒక ప్రభుత్వ కాగితం, సాధ్యమైతే దానితో సంబంధం లేని మరొక ఆధారం ఉండాలి. ఏజెంటు చెప్పిన మాట, అదే ఏజెంటు దగ్గర విని యజమాని చెప్పిన మాట కలిపితే రెండు ఆధారాలు కావు. ఏ సంవత్సరాలకు ఆధారం దొరకలేదో అక్కడ ‘తెలియదు’ అని రాసి వదిలేయండి. పదేళ్ళ ఖాళీ ఉన్న నిజాయితీ గల వరుసను కొనుగోలుదారు నమ్ముతాడు. ఖాళీని ఊహతో పూడ్చిన వరుసలో ఒక్క తప్పు బయటపడితే మిగతాదంతా కూలిపోతుంది. ప్రముఖుల కారు అన్న మాటకైతే, ఆ ప్రముఖుని పేరో సంస్థ పేరో రిజిస్టరులో కనిపిస్తే తప్ప పైసా అదనంగా ఇవ్వకండి. కారు పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో యాజమాన్యానికి రుజువు కాదు.

కారు మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్ళు దాటితే 2021 నాటి వింటేజి నిబంధనల కింద ‘వీఏ’ నంబరు కోరవచ్చు. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము ఇరవై వేల రూపాయలు, చెల్లుబాటు పదేళ్ళు. ఆ దరఖాస్తుకు పాత సి బుక్కు, దిగుమతి కారైతే బిల్ ఆఫ్ ఎంట్రీ అడుగుతారు కనుక, ఇప్పుడు మీరు కూర్చిన ఫైలే అప్పుడూ పనికివస్తుంది.

అన్నీ సరిపోయి కొన్నారనుకోండి. ముప్పై రోజుల్లో మీ పేరున మార్పించుకోండి, ఖాళీ ఫారాలు బీరువాలో పెట్టుకుని కూర్చోకండి. కొత్త కార్డు చేతికి రాగానే, దాని మీది ఛాసిస్, ఇంజను నంబర్లను మొదటి రోజు తీసిన పెన్సిల్ అచ్చు పక్కన పెట్టి చూడండి. ఒక్క అంకె తప్పు పడినా అదే వారంలో సవరణకు దరఖాస్తు పెట్టి, ఆ రసీదును కూడా ఫైలులో చేర్చండి.